తెలంగాణలో క్రికెట్ బెట్టింగ్ చట్టబద్ధమా? తమ్ముడి అకౌంట్ ఫ్రీజ్ అయింది, ఏజెంట్ బెదిరిస్తున్నాడు, ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వరంగల్‌లో బీటెక్ చివరి ఏడాది చదువుతున్న మీ తమ్ముడు ఐపీఎల్ మ్యాచ్‌ల మీద ఒక ఏజెంట్ ఇచ్చిన ఐడీతో బెట్టింగ్ ఆడాడు. యాప్‌లో 'అంతర్జాతీయ లైసెన్స్ ఉంది' అని రాసి ఉంది. మొదట్లో కొంత గెలిచాడు, తర్వాత చాలా పోగొట్టుకున్నాడు. ఇప్పుడు బ్యాంకు అకౌంట్ ఫ్రీజ్ అయింది. ఏజెంట్ ఒక ప్రామిసరీ నోటు, సంతకం చేసిన ఖాళీ చెక్కు దగ్గర పెట్టుకుని కట్టకపోతే కేసు వేస్తానంటున్నాడు. పోలీసు కేసు మాత్రం ఇప్పటికి లేదు. అబ్బాయి వచ్చే ఏడాది ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లాలి. గుర్రప్పందేలు, గోవా క్యాసినోలు లీగల్ అయినప్పుడు క్రికెట్ ఎందుకు కాదని కూడా అడిగారు.

నేను హైదరాబాద్ చుట్టుపక్కల కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని. ఇలాంటి కుటుంబాలు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి, ఐపీఎల్ అయిపోయాక మరీ ఎక్కువ. సూటిగా చెప్తాను.

తెలంగాణలో క్రికెట్ మీద గానీ, మరే ఆట మీద గానీ డబ్బు పెట్టి బెట్టింగ్ ఆడటం చట్టబద్ధం కాదు. యాప్‌లో ఆడినా, ఫోన్‌లో బుకీకి చెప్పినా, హోటల్ గదిలో కూర్చుని ఆడినా అంతే. చట్టం ఒప్పుకున్నది ఒక్కటే, రేస్ కోర్సు లోపల, లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర గుర్రప్పందెం. యాప్ చూపించే విదేశీ లైసెన్స్‌కి ఇక్కడ విలువ లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ ఏజెంట్‌కి భయపడి ఒక్క రూపాయి కూడా కట్టకండి. చట్టం ముందు మీ తమ్ముడి కంటే అతని పరిస్థితే బలహీనం. ఇది చాలామందికి తెలియదు. తెలియక పొలాలు అమ్మి, అమ్మ బంగారం తాకట్టు పెట్టి కట్టినవాళ్లను చూశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. మన రాజ్యాంగంలో బెట్టింగ్, జూదం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఏడో షెడ్యూల్, రెండో జాబితా, 34వ అంశం. అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు. గోవా 1976 నాటి తన చట్టంతో క్యాసినోలకు దారి ఇచ్చింది. సిక్కిం 2008లో ఆన్‌లైన్ గేమింగ్‌కి లైసెన్స్ చట్టం తెచ్చింది. నాగాలాండ్‌కి ఇంకో చట్టం ఉంది. ఒక రాష్ట్రం ఇచ్చిన అనుమతి ఆ రాష్ట్రం గీత దాటి పనిచేయదు. మీ తమ్ముడు గోవా వెళ్లి క్యాసినోలో కూర్చుంటే అది గోవా చట్టం కిందకి వస్తుంది. హనుమకొండ హాస్టల్ గదిలో ఫోన్ పట్టుకుంటే తెలంగాణ చట్టం కిందకే వస్తాడు, సర్వర్ ఏ దేశంలో ఉన్నా సరే.

మన చట్టం 1974 నాటి గేమింగ్ యాక్ట్. ఉమ్మడి రాష్ట్రంలో చేసినది, విభజన తర్వాత తెలంగాణ దాన్నే తన చట్టంగా తీసుకుంది. 2017లో ముందు ఆర్డినెన్సులు, ఆ తర్వాత సవరణ చట్టం తెచ్చి రెండు పెద్ద మార్పులు చేసింది. ఒకటి, ఆన్‌లైన్ ఆటలనూ చట్టం పరిధిలోకి తెచ్చింది. రెండు, నైపుణ్యం ఉన్న ఆటలకు అంతకుముందు ఉన్న మినహాయింపును డబ్బు పెట్టి ఆడే విషయంలో తీసేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా 2020లో అదే దారి పట్టింది. అక్కడ ఆట నడిపేవాళ్లు మొదటిసారి దొరికితే ఏడాది వరకు, రెండోసారి రెండేళ్ల వరకు జైలు, ఆడేవాళ్లకు ఆరు నెలల వరకు అని పెట్టారు. మీకు విజయవాడలోనో గుంటూరులోనో బంధువులుంటే, 'అక్కడ ఆడితే ఏం కాదు' అనే మాట నమ్మొద్దు.

నైపుణ్యం అనే వాదన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఏజెంట్లు దీన్నే వాడుకుంటారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో తీర్పు వచ్చింది: రమ్మీలో ఏ ముక్క ఉంచుకోవాలి, ఏది పడేయాలి అన్న తెలివే ముఖ్యం, కాబట్టి అది పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట కాదు అని. 1996లో మద్రాస్ రేస్ క్లబ్ కేసులో గుర్రప్పందేలకూ అదే మాట చెప్పింది. తర్వాత ఫాంటసీ క్రికెట్ (నిజం ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి ఆడే పోటీ) కంపెనీలు ఈ తీర్పులను పట్టుకుని, 2017లో పంజాబ్ హర్యానా హైకోర్టులో తమది నైపుణ్యం ఉన్న ఆటేనని గెలిచాయి. ఇవన్నీ నిజమే. కానీ వీటిలో ఏ తీర్పూ 'ఈ ఓవర్‌లో ఎన్ని పరుగులు వస్తాయి' అని పందెం కాయడం నైపుణ్యమని చెప్పలేదు. పైగా తెలంగాణ 2017లో ఆ మినహాయింపునే ఎత్తేసింది కాబట్టి ఇక్కడ ఆ వాదనకు చోటు లేదు. అందుకే డ్రీమ్11 లాంటి ఫాంటసీ కంపెనీలు దేశమంతా వ్యాపారం చేస్తున్న రోజుల్లో కూడా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో డబ్బు పోటీలు పెట్టలేదు. లొకేషన్ మార్చే యాప్ వేసుకుని ఆడినవాళ్లు ఆ కంపెనీ నిబంధనలను కూడా దాటినట్టే. గెలిచిన డబ్బు ఆపేస్తే అడిగే హక్కు కూడా ఉండదు.

గుర్రప్పందెం ఎందుకు వేరంటే, గేమింగ్ యాక్ట్‌లోనే దాన్ని విడిగా పక్కన పెట్టారు. పందెం జరిగే రోజున, రేస్ కోర్సులో అందుకోసం కేటాయించిన ఆవరణలో, లైసెన్స్ ఉన్న బుక్‌మేకర్ దగ్గర గానీ టోటలైజేటర్‌లో (అందరి పందేలూ ఒకచోట కలిపి గెలిచినవాళ్లకు పంచే పద్ధతి) గానీ కాస్తే అది నేరం కాదు. మలక్‌పేట రేస్ కోర్సు ఆ మినహాయింపు మీదే నడుస్తోంది. అదే గుర్రం మీద పాతబస్తీలో ఒక టీ కొట్టు దగ్గర అనధికార బుకీతో కాస్తే నేరమే. గుర్రాన్ని చూసి ఇచ్చిన మినహాయింపు కాదిది. ఆ స్థలానికి, ఆ లైసెన్స్‌కి ఇచ్చినది. క్రికెట్‌కి అలాంటి స్థలం గానీ లైసెన్స్ గానీ ఇక్కడ ఏ చట్టమూ ఇవ్వలేదు.

'ప్రభుత్వం పన్ను తీసుకుంటోంది కదా, మరి లీగల్ కాకుండా ఎలా ఉంటుంది?' అని కూడా చాలామంది అడుగుతారు. గెలిచిన డబ్బు మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. బెట్టింగ్, క్యాసినో, గుర్రప్పందేల మీద జీఎస్టీ 2023 అక్టోబర్ నుంచి పూర్తి పందెం విలువ మీద 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. ఆదాయం ఎలా వచ్చిందన్నది పన్ను శాఖకు ముఖ్యం కాదు, అక్రమంగా వచ్చినదానికీ పన్ను వేస్తుంది. 2023 జీఎస్టీ సవరణలోనే, బెట్టింగ్‌ని నిషేధించే ఇతర చట్టాలకు దీనివల్ల ఏ అడ్డూ ఉండదని రాశారు. పన్ను కట్టిన రసీదు అనుమతి పత్రం కాదు.

ఇప్పుడు కేంద్ర చట్టం. పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయింది. ఇందులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమైనా అదృష్టమైనా, ఒకే గాటన కట్టారు. అలాంటి ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు లావాదేవీలకు సాయపడే బ్యాంకులు, పేమెంట్ కంపెనీలకు కూడా శిక్షలున్నాయి. సంతకం అయిన కొద్ది రోజుల్లోనే పెద్ద ఫాంటసీ, రమ్మీ కంపెనీలు డబ్బు పోటీలు ఆపేశాయి. కంపెనీలు హైకోర్టుల్లో వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

ఈ చట్టంలో ఆడినవాడికి శిక్ష పెట్టలేదు. దాన్ని పట్టుకుని 'ఇక ఆడేవాళ్లకి ఏమీ కాదు' అనే ప్రచారం నడుస్తోంది. అది సగమే నిజం. కేంద్ర చట్టంలో లేకపోయినా మన రాష్ట్ర గేమింగ్ యాక్ట్‌లో ఆడేవాడికీ శిక్ష ఉంది. ఇక సుప్రీంకోర్టులో ఏది తేలినా తెలంగాణ 2017 సవరణ విడిగా ఉంటుంది కాబట్టి, అక్కడ కంపెనీలు గెలిచినంత మాత్రాన మీ తమ్ముడి ఐడీ లీగల్ అయిపోదు.

అప్పుడప్పుడూ 'త్వరలో బెట్టింగ్ లీగల్ చేస్తారట' అనే మాట కూడా వినిపిస్తుంది. దానికి మూలం ఉంది. 2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ గొడవ తర్వాత వేసిన జస్టిస్ లోధా కమిటీ 2016లో బెట్టింగ్‌ని చట్టబద్ధం చేయాలని సూచించింది. సుప్రీంకోర్టు ఆ విషయం లా కమిషన్‌కి వదిలింది. 2018 జూలైలో లా కమిషన్ తన 276వ నివేదికలో, నిషేధం అమలు చేయలేకపోతే ఆధార్, పాన్‌లతో ముడిపెట్టి కట్టుదిట్టంగా నియంత్రించడం ఒక మార్గమని చెప్పింది. ఆ నివేదిక అక్కడే ఉంది. దేశం నడిచింది దానికి పూర్తిగా ఎదురు దిక్కున.

ఇక అసలు నొప్పి ఎక్కడుందో అక్కడికి వద్దాం. గేమింగ్ యాక్ట్ కింద ఆడినవాడికి పడే శిక్ష చిన్నదే. నా అనుభవంలో కుటుంబాలను కూల్చేది ఆ శిక్ష కాదు, బ్యాంకు అకౌంటూ అప్పు కాగితాలూ.

అకౌంట్ ఎందుకు ఫ్రీజ్ అయింది? చాలామంది అనుకునేది, 'బెట్టింగ్ ఆడినందుకు బ్యాంకు పట్టుకుంది' అని. సాధారణంగా అలా జరగదు. ఈ ఐడీల వ్యాపారం ఎలా నడుస్తుందో చూడండి. వాట్సాప్‌లో ఏజెంట్ ఒక ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తాడు. యాప్ ప్లే స్టోర్‌లో ఉండదు, ఏపీకే ఫైల్ పంపిస్తారు. డబ్బు వేయడానికి ఇచ్చే అకౌంట్ నంబర్ పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి. పేరు చూస్తే ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్న ఎవరిదో. అవన్నీ మ్యూల్ అకౌంట్లు, అంటే కమిషన్‌కి అద్దెకి తీసుకున్న వేరేవాళ్ల అకౌంట్లు. అదే అకౌంట్లలోకి ట్రేడింగ్ మోసాల డబ్బు, 'డిజిటల్ అరెస్ట్' అని భయపెట్టి పెద్దవాళ్ల దగ్గర కాజేసిన డబ్బు కూడా వచ్చి పడుతుంది. మీ తమ్ముడు గెలిచినప్పుడు అతనికి వచ్చిన డబ్బు ఆ గుంపులోంచే వచ్చి ఉంటుంది.

అలా డబ్బు పోగొట్టుకున్నవాళ్లు 1930కి ఫోన్ చేసో, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో ఫిర్యాదు చేస్తారు. పోలీసులు ఆ డబ్బు ఏ అకౌంట్ నుంచి ఏ అకౌంట్‌కి వెళ్లిందో ఒక్కో పొరగా వెంబడిస్తారు. మీ తమ్ముడి అకౌంట్ మూడో పొరలోనో నాలుగో పొరలోనో తగిలితే, బ్యాంకు ఆ మొత్తం ఆపేస్తుంది, ఒక్కోసారి అకౌంట్ మొత్తం ఆపేస్తుంది. ఫిర్యాదు చేసింది గుజరాత్‌లోనో కేరళలోనో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కావచ్చు. కేసు కూడా అక్కడే ఉంటుంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. బ్యాంకు బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా మూడు విషయాలు అడగండి: ఏ ఫిర్యాదు నంబర్ మీద ఆపారు, ఏ పోలీస్ స్టేషన్, ఎంత మొత్తం. నోటిమాటగా అడిగితే 'సైబర్ క్రైమ్ వాళ్లు ఆపారు' అని పంపించేస్తారు, అందుకే కాగితం మీద ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఆ వివరాలు వచ్చాక సంబంధిత దర్యాప్తు అధికారికి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్ట్ రెండూ పంపాలి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి మిగిలిన అకౌంట్‌ని విడుదల చేయమని కోరవచ్చు. అధికారి పట్టించుకోకపోతే ఆ ప్రాంత మేజిస్ట్రేట్ దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 503 సెక్షన్ కింద పిటిషన్ వేయవచ్చు, హైకోర్టులో రిట్ కూడా వేయవచ్చు. ఫిర్యాదు మొత్తం కొన్ని వేలే అయినా లక్షలున్న జీతం అకౌంట్ మొత్తం ఆపేసిన సందర్భాల్లో, ఆ కొన్ని వేలు పక్కన పెట్టించి మిగతాది విడిపించుకున్న క్లయింట్లు నాకున్నారు. టైమ్ పడుతుంది, అవుతుంది.

ఆ డబ్బు ఎలా వచ్చిందని అధికారి అడిగితే అబద్ధం చెప్పొద్దు. 'ఫ్రెండ్ పంపాడు' అని రాసి ఇచ్చి తర్వాత అది అబద్ధమని తేలితే, అప్పటిదాకా డబ్బు అందుకున్నవాడిగా ఉన్న మనిషి మోసంలో భాగస్వామిగా కనిపించడం మొదలవుతుంది. లాయర్‌ని పక్కన పెట్టుకుని జరిగింది జరిగినట్టు రాయించండి.

మీ తమ్ముణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి ఇది తప్పకుండా అడగండి: తన అకౌంట్ గానీ, ఏటీఎం కార్డు గానీ, సిమ్ గానీ ఆ ఏజెంట్‌కి ఇచ్చాడా? ఇది అన్నిటికంటే ముఖ్యం. పోగొట్టుకున్న కుర్రాడి దగ్గరికి ఏజెంట్ రెండోసారి వచ్చేది దీనికోసమే. 'నీ బాకీలో కొంత తగ్గిస్తా, నీ అకౌంట్ కొన్నాళ్లు వాడుకుంటాం' అంటాడు. అలా ఇచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి కేసు నేను చూశాను. ఆ అబ్బాయి చేతికి వచ్చింది నెలకి కొన్ని వేలు. అకౌంట్‌లోంచి పోయింది ఎవరిదో రిటైర్మెంట్ డబ్బు. బెట్టింగ్ ఆడినవాడు చిన్న కేసులో ఉంటాడు. అకౌంట్ ఇచ్చినవాడు మోసం కేసులో నిందితుడు అవుతాడు. గుంపుగా అనధికార బెట్టింగ్ నడిపితే బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 112 సెక్షన్ కింద ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు ఉంది. డబ్బు పెద్దదైతే మనీ లాండరింగ్ కేసుతో ఈడీ కూడా రావచ్చు. మీ తమ్ముడు ఇచ్చి ఉంటే, ఇవాళే బ్యాంకుకి లేఖ రాసి ఆ అకౌంట్ ఆపించండి, సిమ్ బ్లాక్ చేయించండి, ఆ తర్వాత లాయర్‌తో కలిసి పోలీసుల దగ్గరికి మీరే ముందు వెళ్లండి. వాళ్లు వచ్చేదాకా ఆగకండి.

ఇక ప్రామిసరీ నోటు, చెక్కు. భారత కాంట్రాక్ట్ చట్టం 1872 లో 30వ సెక్షన్ సూటిగా చెప్తుంది: పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిన డబ్బు కోసం దావా వేయడానికి లేదు. బుకీ కోర్టుకి వెళ్లి 'ఇతను నాకు బెట్టింగ్ బాకీ ఉన్నాడు' అని అడగలేడు. అందుకే వాళ్లు నోటు రాయించుకుంటారు, అందులో 'కుటుంబ అవసరాల నిమిత్తం చేబదులుగా తీసుకున్నాను' అని రాయిస్తారు. ఖాళీ చెక్కు తీసుకునేది కూడా అందుకే.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. నోటు మీద, చెక్కు మీద సంతకం ఉందంటే, డబ్బు తీసుకునే ఉంటాడని కోర్టు మొదట అనుకుంటుంది. చట్టమే అలా అనుకోమంటుంది. కాదని చూపించాల్సింది మీరు. అయితే క్రిమినల్ కేసులో పోలీసులు రుజువు చేయాల్సినంత గట్టిగా మీరు రుజువు చేయక్కర్లేదు. ఇది బెట్టింగ్ బాకీ అయి ఉండే అవకాశమే ఎక్కువ అనిపించేలా ఆధారాలు చూపిస్తే చాలు, ఇది సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పిన సూత్రం. చెక్కు బౌన్స్ కేసు నిలబడాలంటే చట్టప్రకారం వసూలు చేసుకోదగ్గ అప్పు ఉండాలి. బెట్టింగ్ బాకీ అలాంటిది కాదు.

కాబట్టి వాట్సాప్ చాట్లు, వాయిస్ మెసేజ్‌లు, ఐడీ స్క్రీన్‌షాట్లు, డబ్బు వేసిన అకౌంట్ నంబర్లు ఏదీ డిలీట్ చేయొద్దు. భయంతో కుర్రాళ్లు మొదట చేసే పని ఫోన్ ఫార్మాట్ కొట్టడం. తమను కాపాడే ఆధారమే అందులో ఉంటుంది. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ విడిగా పెట్టండి, ఫోన్‌ని కూడా అమ్మకుండా ఉంచండి. ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటే ఆ పని తేలికవుతుంది. చెక్కు విషయంలో బ్యాంకుకి స్టాప్ పేమెంట్ లేఖ ఇవ్వండి, అందులో కారణం రాయండి. చెక్కు బౌన్స్ నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకండి, 15 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల లాయర్ ద్వారా జవాబు వెళ్లాలి. మౌనంగా ఉన్నవాళ్లను కోర్టు తర్వాత అడిగే మొదటి ప్రశ్న, 'అప్పుడే ఎందుకు చెప్పలేదు?' అన్నదే.

ఇంటికి వస్తాం, కాలేజీలో పరువు తీస్తాం, చెల్లెలి ఫోటోలు పెడతాం అని ఏజెంట్ బెదిరిస్తే అది బీఎన్‌ఎస్ 308 కింద బలవంతపు వసూలు, 351 కింద నేరపూరిత బెదిరింపు. ఫిర్యాదు చేస్తే మా వాడి మీదే కేసు పెడతారేమో అని మీరు సందేహపడుతున్నారు. సందేహం సహజమే. ఆడినందుకు గేమింగ్ యాక్ట్ కింద పేరు చేరే అవకాశం లేదని నేను చెప్పను. కానీ ఏజెంట్‌కి పడే సెక్షన్లకీ మీ తమ్ముడికి పడే సెక్షన్‌కీ చాలా తేడా ఉంది, అది అతనికీ తెలుసు. నేను చూసిన వాటిలో ఎక్కువసార్లు లాయర్ నోటీసు వెళ్లగానే ఫోన్లు ఆగిపోయాయి. పోలీసులు కూడా 2025 నుంచి ఈ విషయంలో గట్టిగానే ఉన్నారు. ఆ మార్చిలో మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమావాళ్లు, ఇన్‌ఫ్లూయెన్సర్ల మీద కేసు పెట్టారు, రాష్ట్ర ప్రభుత్వం సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో నోట్ల కట్టలు చూపిస్తూ పిల్లలను లాగినవాళ్లు మొదటిసారి స్టేషన్ మెట్లు ఎక్కారు. అది జరగాల్సిందే. ఇంకా ముందే జరగాల్సింది.

ఒక తేడా గుర్తుంచుకోండి. ఏజెంట్‌తో సంబంధం లేని స్నేహితుడి దగ్గరో, బంధువు దగ్గరో మీ తమ్ముడు అప్పు తీసుకుని ఆ డబ్బు బెట్టింగ్‌లో పోగొట్టి ఉంటే, ఆ అప్పు అప్పే. వాళ్లకి కట్టాలి. చెల్లనిది బుకీతో పందెం బాకీ, ఆ బాకీకి మారువేషం వేసిన నోటు.

అమెరికా విషయం. అక్కడ చదివే సీనియర్లు 'ఇక్కడ స్పోర్ట్స్ బెట్టింగ్ లీగల్' అంటారు. 2018లో న్యూజెర్సీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని రాష్ట్రాలకే వదిలేసింది, ఆ తర్వాత చాలా రాష్ట్రాలు అనుమతించాయి. మనవాళ్లు అంతమంది ఉన్న టెక్సాస్ మాత్రం అనుమతించలేదు. ఇక్కడి నుంచి అక్కడి యాప్‌లకు డబ్బు పంపడం ఇంకో తప్పు. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల్లో లాటరీ టికెట్లు, ఫుట్‌బాల్ పూల్స్ (మ్యాచ్ ఫలితాల మీద పందేలు) లాంటి వాటికి విదేశాలకు డబ్బు పంపడం పూర్తిగా నిషేధం.

వీసాకి సంబంధించి మీరు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. అమెరికా వీసా ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా' అనే ప్రశ్న ఉంటుంది. గేమింగ్ కేసుల్లో కోర్టు దగ్గర చాలా మామూలుగా వినిపించే సలహా, 'ఒప్పుకుని ఫైన్ కట్టేయండి, ఒక్క రోజులో అయిపోతుంది' అని. కిరాణా కొట్టు నడుపుకునే మనిషికి అది సరిపోవచ్చు. విదేశాలకు వెళ్లాల్సిన, రేపు ప్రభుత్వ ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ జరగాల్సిన కుర్రాడికి అది ప్రమాదం. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే చట్టం దృష్టిలో శిక్ష పడినట్టే, ఆ జరిమానా కొన్ని వందలే అయినా. కాబట్టి మీ తమ్ముడి మీద కేసు నమోదైతే, లాయర్‌తో మాట్లాడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. కేసులో బలం లేకపోతే హైకోర్టులో కొట్టేయమని అడిగే దారి ఉంది, లేదా నిలబడి పోరాడి నిర్దోషిగా బయటికి రావచ్చు.

ఇప్పటికి కేసు లేదని మీరు రాశారు. స్టేషన్ నుంచి పిలుపు వస్తే కంగారుపడి పారిపోవద్దు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు వెంటనే అరెస్ట్ చేయకుండా బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలిపించడమే పద్ధతి. పాత 41ఏ నోటీసు అంటే ఇదే. నోటీసు తీసుకుని, చెప్పిన రోజున లాయర్‌తో వెళ్లి సహకరిస్తే సాధారణంగా అరెస్ట్ అవసరం రాదు. వెళ్లకపోతే మాత్రం అరెస్ట్‌కి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది.

ఇంకో విషయం, ఇది లాయర్‌గా కాదు. బెట్టింగ్ అప్పులతో ప్రాణం తీసుకున్న పిల్లల వార్తలు మీరూ చూస్తూనే ఉంటారు. వాళ్లలో చాలామంది కట్టలేమని భయపడిన బాకీలు అసలు కట్టక్కర్లేనివి. మీ తమ్ముడికి ఈ మాట మీ నోటితో చెప్పండి: ఏజెంట్ బాకీ చెల్లదు, అన్న పక్కన ఉన్నాడు, ఇది కొన్ని నెలల్లో తేలిపోయే వ్యవహారం. నాన్నకి కూడా మీరే చెప్పండి, అతనితో చెప్పించొద్దు. నిద్రపోవడం లేదన్నా, ఎవరితో మాట్లాడటం లేదన్నా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆడటం మానలేకపోతున్నాడంటే అది కూడా అక్కడ చెప్పవచ్చు, దానికి వైద్యం ఉంది.

ఈ వారంలో చేయాల్సిన పనులు: బ్యాంకుకి లేఖ, చెక్కుకి స్టాప్ పేమెంట్, చాట్ల బ్యాకప్. అవి అయ్యాక మీ జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే ఒక లాయర్‌ని కలవండి. ఫీజు ఇబ్బంది అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, అర్హత ఉన్నవాళ్లకు ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. వెళ్లేటప్పుడు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసుకుని, ఏ ఎంట్రీ బెట్టింగ్‌ది, ఏది కాదు అని మీ తమ్ముడి చేతే పెన్నుతో గుర్తు పెట్టించండి. బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబర్ వచ్చాక ఏ రాష్ట్రం కేసో ఇక్కడ రాయండి, తర్వాత ఎవరికి ఏం రాయాలో చెప్తాను.